కట్టనని చెప్పడానికి వెళ్ళిన మేస్త్రి

పదింటికి పురపాలక ఆఫీసు తెరుస్తారు. పదీ పదికి అర్జీ ఇవ్వాలి. పదీ ఇరవైకి దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి. పదకొండుకల్లా వీధిలోకి వచ్చి టీచరమ్మ ఇంట్లో ఆగిపోయిన నీళ్ళ మోటారు విప్పాలి. ఆ ఉదయం మోటారు మేస్త్రి వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. అందుకే మొత్తం చెడిపోయింది.

ఆ ఊళ్ళో నాలుగేళ్ళుగా పురపాలక ఎన్నికలు లేవు. ఎన్నికైన సభ్యుల గడువు తీరిపోయాక పైనుంచి ఒక ప్రత్యేకాధికారిని పంపారు. ఆయన వచ్చి కూర్చున్నాడు. కుళాయికి మూడు రోజులకోసారి నీళ్ళు వస్తున్నాయని చెప్పుకోవడానికి వార్డుకో మనిషంటూ లేకుండా పోయాడు. ఇంటి పన్ను మాత్రం ఏటా పెరిగింది. నిరుడు పెంచిన కాగితం తలుపు సందులోంచి లోపలికి తోసి పోయారు. ఎవరు పెంచారో, ఎందుకు పెంచారో అందులో లేదు. కట్టకపోతే ఏమవుతుందో మాత్రం ఉంది.

మేస్త్రి తన షెడ్డులో వీధిలోని నలభై రెండు ఇళ్ళవాళ్ళనూ కూర్చోబెట్టి ఒట్టు వేయించాడు. ఎన్నికలు పెట్టేదాకా ఎవరూ పన్ను కట్టకూడదు. "దొంగతనంగా ఎగ్గొట్టడం కాదు. చెప్పి మానేద్దాం. అడగడానికి మనం ఎన్నుకున్న మనిషంటూ ఒకడు వచ్చిన రోజు, అందరికన్నా ముందు నేనే కడతాను, జరిమానాతో సహా. ఇది నా మాట," అన్నాడు. చప్పట్లు కొట్టారు. పొడుగాటి అర్జీ కాగితం మీద నలభై రెండు సంతకాలు పడ్డాయి. మేస్త్రికి ఉంటున్న ఇల్లు తప్ప ఆస్తి లేదు, చదువు లేదు. బిగించిన మోటారు మళ్ళీ విప్పక్కర్లేదన్న పేరొకటి ఉంది, అన్న మాట తప్పడన్న పేరొకటి ఉంది. ఆ రెండో పేరును పందెం కాసి బయల్దేరాడు.

"కట్టనివాడు ఇంట్లో కూర్చోవాలి గానీ, కట్టనని ఆఫీసుకెళ్ళి చెప్పిరావడమేంటండీ?" అంది భార్య గుమ్మంలో.

"చెప్పకుండా కట్టకపోతే ఎగవేత. చెప్పి కట్టకపోతే నిరసన."

"ఆ తేడా జరిమానాకి తెలుసా? ఇవాళ దాటితే పావు వంతు ఎక్కువట. మా తమ్ముడు చెప్పాడు."

"మీ తమ్ముడు చెప్పని విషయం ఏదన్నా ఉంటే అది చెప్పు."

ఆ తమ్ముడికి ఆఫీసుకు ఎదురుగా జిరాక్స్ కొట్టు ఉంది. కాగితాలు నకళ్ళు తీస్తాడు, దరఖాస్తులు నింపుతాడు, అడగని సలహాలు ఉచితంగా ఇస్తాడు. బావ పెట్టిన సమావేశంలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. ఆ వీధిలో కాపురం లేదు గనక ఆ చప్పట్లకు ఖర్చేమీ లేదు.

పదీ పదికి మేస్త్రి అర్జీలు తీసుకునే గుమస్తా ముందు నిలబడ్డాడు. గుమస్తా ఇంటి నంబరు అడిగి, ఏదో చూసి, కాగితం వెనక్కి తోశాడు.

"మీకు బకాయి ఉంది. బకాయిదారుల అర్జీలు తీసుకోం."

"బకాయి ఎందుకుందో చెప్పడానికే ఈ అర్జీ."

"కట్టి రండి, తీసుకుంటాను."

"కట్టేస్తే ఇంక అర్జీ ఎందుకయ్యా?"

"అది మీ ఇష్టం. కట్టినవాళ్ళు చాలామంది అర్జీ ఇవ్వకుండానే వెళ్ళిపోతారు," అని గుమస్తా తలెత్తకుండా పక్క కిటికీ చూపించాడు.

పక్క కిటికీ పన్నులది. అక్కడ కూర్చున్న అమ్మాయి మేస్త్రి చెప్పినదంతా ఓపికగా విని, తన ముందున్న తెర వైపు చూసి, పెదవి విరిచింది.

"కట్టను అని రాసుకోవడానికి ఇందులో చోటు లేదండీ. ఎంత కట్టారు అని ఒక్కటే అడుగుతుంది."

"సున్నా అని కొట్టమ్మా."

"సున్నా తీసుకోదండీ. అయినా కట్టనని చెప్పడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. మా సూపర్‌వైజరు గారు పదకొండు దాటాక వస్తారు, ఈ కిటికీ దగ్గరే కూర్చుంటారు. లైన్లో ఉండండి. లైను వదిలేస్తే మళ్ళీ చివరికి పోవాలి."

మేస్త్రి వరుసలో నిలబడ్డాడు. ముందు పదిహేను మంది ఉన్నారు. వాళ్ళంతా డబ్బు పట్టుకుని నిలబడ్డారు, ఇతను అర్జీ పట్టుకుని నిలబడ్డాడు. వెనకనుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు.

ఆ వెనకనుంచి చూసినవాడు బావమరిది. కొట్టులోంచి తల బయటికి పెట్టి, కళ్ళు నులుముకుని, అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ పన్ను లైన్లో ఉన్నాడు."

"అర్జీ ఇవ్వడానికి వెళ్ళార్రా."

"అర్జీల కిటికీ ఇటు, పన్నుల కిటికీ అటు. నా కళ్ళతో చూస్తున్నాగా. కట్టేస్తున్నాడు. పోన్లే, మంచి పని చేస్తున్నాడు. ఎవరితోనూ అనకు."

అక్క ఎవరితోనూ అనలేదు. అయిదు నిమిషాలకు టీచరమ్మ గోడ అవతలినుంచి, "మేస్త్రిగారు పదకొండుకు వస్తానన్నారు, ఏరీ?" అని అడిగితే, "పన్ను లైన్లో ఉన్నారట టీచరమ్మగారూ," అని మాత్రం అంది. అడిగినదానికి చెప్పడం అనడం కిందికి రాదని ఆవిడ లెక్క.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆ వీధి. టీచరమ్మ దర్జీతో అంది. దర్జీ సూదిని నోట్లోంచి తీసి, "మన చేత ఒట్టు వేయించి, తాను పోయి జరిమానా తప్పించుకుంటున్నాడా!" అన్నాడు. ఆ మాట వీధి చివరి ఇంటికి చేరేసరికి మేస్త్రి రెండేళ్ళది కలిపి ముందుగానే కట్టేసి, తగ్గింపు కూడా రాయించుకున్నాడు.

ఒక్కరైనా ఆఫీసుకు పోయి, "ఏమయ్యా, ఏం చేస్తున్నావు?" అని అడుగుదామనుకోలేదు. అసలు సంగతేమిటంటే ప్రతి ఇంట్లోనూ పన్ను డబ్బు లెక్కపెట్టి, బీరువాలోనో బట్టల కిందో సిద్ధంగా ఉంచుకున్నారు. ఒట్టు వేసిన రోజే పక్కకు తీసిపెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. కావలసింది ఒక వంక. అది దొరికింది.

పదకొండున్నరకు దర్జీ చెమటలు కక్కుతూ వచ్చి మేస్త్రి వెనక నిలబడ్డాడు. అతని వెనక టీచరమ్మ. ఆవిడ వెనక ఇంకో ఆరుగురు. మేస్త్రి వెనక్కి తిరిగి చూసి పొంగిపోయాడు. ఇంట్లో ఉండమంటే ఉండలేక, తనకు తోడుగా వచ్చారనుకున్నాడు. పాపం, మోటారులో ఏ తీగ ఎక్కడ తెగిందో చేత్తో తడిమి చెప్పగలడు గానీ మనుషుల్లో తెలియదు.

"మీరొస్తారనుకోలేదు! ఒక్కణ్ణే నిలబడాల్సి వస్తుందనుకున్నా," అన్నాడు.

"అవును, ఒక్కరే కానిచ్చేద్దామనుకున్నారుగా," అన్నాడు దర్జీ మొహం పక్కకు తిప్పుకుని.

"అందరికీ శ్రమెందుకని."

"మా మీద ఎంత దయండీ!"

ఆ దెప్పు మేస్త్రికి తగల్లేదు. టీచరమ్మ కాళ్ళ నొప్పుల మనిషి. "మీరు ముందు వెళ్ళండమ్మా. భయపడకండి, మనసులో ఉన్నది కిటికీలోకి చెప్పేయండి," అని తన చోటు ఇచ్చాడు. ఆవిడ విచిత్రంగా చూసి ముందుకు జరిగింది. ఆవిడకు ఇచ్చి దర్జీకి ఇవ్వకపోతే బాగుండదని అతనికీ ఇచ్చాడు. ఆ తర్వాత వీధివాళ్ళు ఎవరు వచ్చినా ఇచ్చాడు. నాయకుడన్నవాడు చివర ఉండాలని అతని నమ్మకం.

లోపల ప్రింటరు గరగరమంటోంది. ఒక్కొక్కరు కిటికీ దగ్గర అయిదేసి నిమిషాలు ఉండి, చిన్న కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుని, మేస్త్రి కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోతున్నారు. సూపర్‌వైజరు వచ్చి ఉంటాడు, కట్టం అని చెప్పినట్టు అందరికీ రాసిస్తున్నాడు అనుకున్నాడు మేస్త్రి. గరగర వినిపించినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ, ఛాతీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. ఇరవై ఎనిమిది దగ్గర ఛాతీకి చొక్కా బిగుతైంది.

ఈలోగా రోడ్డు మీద పోయేవాళ్ళు వరుసను చూశారు. ఆఫీసు ముందు అంత పెద్ద వరుస ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఊళ్ళో సగం మంది ఎప్పుడూ కట్టనివాళ్ళే. "ఏమిటండీ?" అంటే "ఇవాళే ఆఖరట" అన్నాడొకడు. "రేపట్నుంచి రెట్టింపట" అన్నాడు వాడి పక్కవాడు. "ఇల్లు జప్తు చేస్తారట" అన్నాడు అటు పక్కవాడు. మనిషికి పన్ను అంటే ఎంత విరక్తో వరుస అంటే అంత మోజు. మధ్యాహ్నం రెండింటికి ఆ వరుస మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు అడ్డంగా బావమరిది కొట్టు దాకా పాకింది. పాత రసీదు నకలు ఉండాలని ఎవరో అన్నారు. ఎవరన్నారో వేరే చెప్పక్కర్లేదు. నకళ్ళు తీసి తీసి బావమరిది యంత్రం వేడెక్కింది.

మూడింటికి మేస్త్రి చోటు ఇవ్వడానికి వీధివాళ్ళెవరూ మిగల్లేదు. కిటికీ ముందుకు వచ్చాడు.

"నలభై ఒకటి అయ్యాయా అమ్మా?"

"మీ వీధివా? అయ్యాయండీ. నలభై ఒక్క ఇళ్ళూ కట్టేశారు. మీదొక్కటే ఉంది," అంది అమ్మాయి నవ్వుతూ.

కాలిపోయిన మోటారు ముందు కూర్చున్నప్పుడు కూడా మేస్త్రి మొహం అంత మాడలేదు. వరుసలోంచి బయటికి వచ్చి చూస్తే, గేటు దగ్గర దర్జీ, టీచరమ్మ, వీధివాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మేస్త్రి కట్టిన రసీదు కళ్ళారా చూసి, నాలుగూ అడిగి పోదామని కాచుకున్నారు.

"ఎంత పనిచేశారయ్యా! ఎవరు కట్టమన్నారు మిమ్మల్ని?" అన్నాడు మేస్త్రి.

"మీరు కట్టలేదా?" అంది టీచరమ్మ.

"నేనెందుకు కడతాను?"

"మరి లైన్లో ఎందుకు నిలబడ్డారు?"

"కట్టనని చెప్పడానికి!"

దర్జీ అందరి మొహాలూ చూశాడు. "అయిదు గంటలు! కట్టనని చెప్పడానికి అయిదు గంటలు నిలబడ్డాడట. ఎవరన్నా నమ్ముతారా? మీలో ఒక్కరు నమ్మండి, నేనూ నమ్ముతాను."

"అర్జీ చూడవయ్యా, ఇదిగో, నీ సంతకమే!"

"మేస్త్రిగారూ, దబాయించకండి. నాకు ముందు వెళ్ళమని చోటిచ్చింది ఎవరు? ధైర్యం చెప్పి మరీ పంపించింది ఎవరు?" అంది టీచరమ్మ.

మేస్త్రి జరిగింది జరిగినట్టే చెప్పాడు. చెప్పేకొద్దీ అతనికే అబద్ధంలా వినబడింది. చివరికి నమ్మారు, ఎందుకంటే చేతిలో రసీదు లేదు. నమ్మాక సిగ్గుపడతారనుకున్నాడు. సిగ్గుపడలేదు. ఇంకా మండిపడ్డారు.

"అంటే మా అందరి చేతా కట్టించి, మీరొక్కరే మిగుల్చుకున్నారన్నమాట!" అన్నాడు దర్జీ.

"నేను కట్టించానా?"

"మీరు లైన్లో లేకపోతే మేమెందుకు వస్తాం? కట్టండి. అందరం కట్టాం, మీరూ కట్టండి. న్యాయం అంటే న్యాయం."

మేస్త్రి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నలభై ఒక్కమంది మాట తప్పారు. తప్పినవాళ్ళంతా ఒక్కటై, తప్పనివాణ్ణి నిలదీస్తున్నారు. ఆ సమయానికి బావమరిది కొట్టు మూసి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. బావను కాపాడాలని నిజంగానే అనుకున్నాడు. అదే ప్రమాదం.

"ఆగండి, ఆగండి! మా బావ ఆలోచన మీకెవరికీ అర్థం కాలేదు," అని మెట్టెక్కాడు. "ముందు పన్ను కట్టెయ్యాలి. తర్వాత రొమ్ము విరుచుకుని హక్కు అడగాలి. కట్టనివాడు అడిగితే ఎవడు వింటాడు? అదీ బావ ఎత్తు!"

"నేనలా అన్లేదురా!"

"చూశారా, ఎంత నిగర్వో!"

చప్పట్లు పడ్డాయి. ఆ చప్పుడుకు ప్రత్యేకాధికారి బయటికి వచ్చాడు. ఆయన నాలుగేళ్ళలో చూసిన వసూలంతా ఒక ఎత్తు, ఆ ఒక్కరోజుది ఒక ఎత్తు. మెట్టు మీద ఉన్న బావమరిది చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఇంతమందిని కట్టించింది మీరేనా? ఏం కావాలో అడగండి."

"ఎన్నికలండీ," అన్నాడు బావమరిది. బావ దగ్గర విన్న మాట అదొక్కటే గుర్తుంది.

"అదెంత పని? ఎన్నికలు జరపడానికి ఖజానాలో డబ్బు లేదని నాలుగేళ్ళుగా నేనే పైకి రాస్తున్నాను. జనం కట్టరు, డబ్బుండదు. ఇవాళ వచ్చింది. రేపే రాసేస్తాను. ఎన్నికలైతే నేనూ మా ఊరు పోవచ్చు. నా సామాన్లు ఇంకా విప్పనేలేదు."

మేస్త్రి జనంలోంచి ముందుకు వచ్చాడు. "అయ్యా, ఎన్నికలు లేవనే కదా మేం కట్టం అంటున్నది!"

"ఎన్నికలకే కదయ్యా ఈ డబ్బు! ఈ ముక్క ముందే వచ్చి చెప్పకూడదూ?"

"చెప్పడానికే పొద్దుట్నుంచి నిలబడ్డాను!"

"అర్జీ ఇవ్వాల్సింది," అని అధికారి జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు నెలల్లో ఎన్నికలు వచ్చాయి. వీధి కోపం అప్పటికి చల్లారింది. ఎంతైనా మనకోసం నిలబడ్డవాడు, మేస్త్రినే నిలబెడదాం అన్నారు. టీచరమ్మ స్వయంగా ఇంటికి వచ్చి అడిగింది. అయితే పన్ను బకాయి ఉన్నవాడు పోటీకి పనికిరాడు.

"కట్టేయండి, పీడా పోతుంది," అంది భార్య.

"ఎన్నికైన మనిషి వచ్చేదాకా కట్టనన్నాను."

"ఆ మనిషి మీరే అవుతారు కదండీ!"

"అయ్యాక కడతాను."

"కట్టందే కారట!"

"అది వాళ్ళ రూలు. నాది నా మాట."

"మీ మాటా, వాళ్ళ రూలూ కలిసి నన్ను చంపుతున్నాయి. అక్కడ మా తమ్ముడున్నాడు, ఇక్కడ మీరున్నారు," అని ఆవిడ లోపలికి పోయి గిన్నెలు గట్టిగా పెట్టింది.

నామినేషన్ల ఆఖరి రోజున మేస్త్రి షెడ్డులో కూర్చుని మోటారుకు తీగ చుట్టాడు. వేరే మనిషి కావాలి గనక, ఎన్నికలు తెచ్చిన మనిషిగా ఊరంతా ఎరిగినవాడు గనక, బావమరిది నిలబడ్డాడు. ఆ వీధికి కాపురం కూడా మార్చేశాడు, అక్క ఇంటి పక్కనే. ఓటు వేయడానికి వెళ్ళిన మేస్త్రి పెట్టె ముందు అయిదు నిమిషాలు నిలబడి, పళ్ళు కొరుక్కుంటూ బావమరిదికే వేశాడు. అవతలివాడు పైపుల గుత్తేదారు. వాడికన్నా వీడు నయం, తెలిసిన మూర్ఖుడు.

బావమరిది గెలిచాడు. గెలిచిన మర్నాడు పొద్దున్నే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రసీదు పుస్తకం పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"బావా, నా వార్డులో ఒక్క ఇల్లే బాకీ. అది మా అక్క ఇల్లు. ఆఫీసులో తలెత్తుకోలేకపోతున్నాను. నువ్వు వరసలో నిలబడక్కర్లేకుండా నేనే పుస్తకం తెచ్చాను."

మేస్త్రి అతని వైపు చూశాడు. ఎన్నుకున్న మనిషి. తను అడిగిన మనిషి. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, అక్క ఇచ్చిన టీ ఊదుకుంటున్నాడు. ఎగ్గొట్టడానికి ఇప్పుడు ఏ సందూ లేదు. లేచి లోపలికి వెళ్ళి, పన్ను, దాని మీద పావు వంతు జరిమానా లెక్కపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వీధిలో అందరికన్నా ఎక్కువ కట్టింది అతనే.

"మాటంటే నీదే బావా," అన్నాడు బావమరిది. డబ్బు జేబులో వేసుకుని, రసీదు చింపి ఇచ్చి లేచాడు.

నాలుగేళ్ళు అడగడానికి మనిషి లేక మేస్త్రి కడుపులో చాలా ప్రశ్నలు దాచుకున్నాడు. కుళాయి గురించి ఉంది, పెంచిన పన్ను గురించి ఉంది, అర్జీల కిటికీ గురించి ఉంది. రసీదు మీది అంకె తానిచ్చిన నోట్లకన్నా తక్కువుండటం చూశాక అవన్నీ వెనక్కి పోయి, తన ప్రజాప్రతినిధిని అతను అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది:

"చిల్లర ఏదిరా?"

పరిశీలిస్తానని చెప్పి వెళ్ళాడు.